మత్తు మానేవారికి నిద్ర కూడా వైద్యమే

సంపాదకుల వారికి,

ట్రమడాల్ అనే నొప్పి మందును 2018లో కేంద్రం మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చింది, మంచిదే. కానీ ఆ బిళ్లలకు అలవాటుపడి మానాలనుకునేవాళ్లను ఎక్కువగా కుంగదీసేది నిద్రలేమి. ఒళ్లునొప్పులు, విరేచనాలు కొద్దిరోజుల్లో తగ్గినా నిద్ర నెలల తరబడి కుదుటపడకపోవచ్చు. ట్రమడాల్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహా) మందులు గాఢనిద్రను తగ్గిస్తాయి, నిద్ర, మెలకువల వేళలు చూసే ఒంట్లోని జీవగడియారం లయ తప్పుతుంది. రాత్రంతా కన్నంటుకోని మనిషికి మళ్లీ ఆ బిళ్లే గుర్తుకొస్తుంది. మా బంధువుల అబ్బాయిని చేర్చిన డీఅడిక్షన్ కేంద్రంలో తెల్లవార్లూ ట్యూబులైట్లు వెలుగుతూనే ఉండేవి, అర్ధరాత్రి దాకా టీవీ మోగేది. ఆ జీవగడియారాన్ని ప్రధానంగా నడిపించేది వెలుతురే కదా! పొద్దున ఎండలో నడక, రాత్రి చీకటి, వేళకు భోజనం... వీటికి ఖర్చేముంది? క్యాన్సర్ నొప్పికి డాక్టరు రాసిన మార్ఫిన్ వాడేవారిని మాత్రం ఎవరూ బెదరగొట్టవద్దు. నొప్పి తగ్గితేనే వాళ్లకు కునుకు. కేంద్రాల తనిఖీకి వెళ్లే ఆరోగ్యశాఖ అధికారులు ఒకసారి రాత్రిపూట కూడా వెళ్లి చూడాలి.

- ఒక పాఠకురాలు, గుంటూరు