ఇక్కడా ఒక ఏఈఎల్‌సీ ఉండేది

సెయింట్ లూయిస్,
అక్టోబర్ 12

ఒరేయ్ బుజ్జీ,

నీ ఉత్తరం చేరింది. ఫోన్లో చెప్పే సంగతి కాదని ఆరు పేజీలు రాశావు, అందుకే నేనూ కాగితమే తీశాను. పెన్ను పట్టి పదేళ్లయి ఉంటుంది. అక్షరాలు కోడి కెలికినట్టుంటే సర్దుకుని చదువుకో.

ముందు నీ గొడవ నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడు. కొత్త పాస్టరు గారు యూత్ మీటింగులో బైబిల్లో యోనా గ్రంథం చెబుతూ, ప్రవక్త యోనాని చేప మింగడం నిజంగా జరిగిందా లేదా అని కొట్టుకోకండి, పాపంలో మునిగిన నీనెవె పట్టణం మీద దేవుడు జాలిపడ్డాడు, అసలు సంగతి అది అన్నారు. వచ్చే ఆదివారానికి ఆ మాట "యోనా అబద్ధమన్నాడు" అయింది. ఆ పై ఆదివారానికి "క్రీస్తు పునరుత్థానం కూడా నమ్మడట" అయింది. ఇప్పుడు పెద్దలు సంతకాలు పోగుచేస్తున్నారు, కుర్రాళ్ళు ముప్పై మంది విడిగా కూడుకుందాం అంటున్నారు, నువ్వు ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌తో నిద్ర మానేశావు. అంతే కదా? మిగతా నాలుగు పేజీలూ కోశాధికారి మీద కోపం.

చదువుతుంటే మొదట నవ్వొచ్చింది, తర్వాత కాస్త భయమేసింది. ఎందుకంటే మా ఇంటికి పది నిమిషాల దూరంలో, సరిగ్గా ఈ చేప మీదే, ఆదాము నిజంగా ఉన్నాడా అన్నదాని మీదే, 1974లో ఒక సెమినరీ, అంటే పాస్టర్లని తయారుచేసే కాలేజీ, నిలువునా రెండయింది. దాని పేరు కంకార్డియా. శనివారాలు నేను నడకకి వెళ్ళేది అటే. రాతి కట్టడాలు, పెద్ద కమానులు, లూథరు విగ్రహం, పచ్చిక. చూస్తే అక్కడ ఎవరూ ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఉండరనిపిస్తుంది.

మార్టిన్ లూథరు బోధ పట్టిన లూథరన్లంటే ప్రపంచమంతా మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, అదే మన ఏఈఎల్‌సీ, లాంటి వాళ్ళేనని గుంటూరులో ఉన్నప్పుడు అనుకునేవాడిని. కాదురా. మన మిషనరీ హయ్యరు దొరని 1842లో గుంటూరు పంపింది తూర్పు తీరపు పెన్సిల్వేనియా వాళ్ళు. ఇక్కడి మిస్సోరీ సినడ్, అంటే సంఘాలన్నీ కలిసిన పెద్ద చర్చి, వాళ్ళు వేరే. జర్మనీలో సాక్సనీ చర్చి హేతువాదంతో చెడిపోయిందని, అసలైన లూథరు బోధ కాపాడుకోవాలని 1838లో ఐదు ఓడల్లో బయల్దేరి వచ్చిన జనం. ఐదింట్లో ఒక ఓడ సముద్రంలోనే పోయింది. ఇక్కడ పెర్రీ కౌంటీ అడవిలో 1839లో దుంగలతో ఒక గుడిసె కట్టి బడి పెట్టారు, అదే కంకార్డియా. 1847లో సినడ్ ఏర్పడింది. బోధ కోసం ఇల్లూ ఊరూ వదిలి సముద్రం దాటిన వాళ్ళ మనవలకి బోధ అంటే ఎంత పట్టింపు ఉంటుందో ఆలోచించు. నేను ముందు వాళ్ళని ఛాందసులనే అనుకున్నాను, ఆ మునిగిన ఓడ సంగతి తెలిశాక అంత సులువుగా అనలేకపోతున్నాను.

1950ల తర్వాత కంకార్డియా ప్రొఫెసర్లు కొందరు బైబిలుని చారిత్రక విమర్శ పద్ధతిలో చెప్పడం మొదలుపెట్టారు. ఈ గ్రంథం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అన్న ప్రశ్నలు. ఆదికాండం మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం రెండు వేరు వేరు సృష్టి వృత్తాంతాలా? యెషయా గ్రంథంలో నలభయ్యో అధ్యాయం నుంచి రాసింది ఇంకొకరా? జర్మనీ యూనివర్సిటీల్లో అప్పటికే పాత చింతకాయ పచ్చడి ఇది. ఇక్కడి పల్లెటూరి సంఘాల్లో మాత్రం బాంబు. దానికి తోడు న్యూ హేవెన్ అనే చిన్న ఊళ్ళో హర్మన్ ఆటెన్ అనే పాస్టరు 1962 నుంచి ఒక పత్రిక నడిపాడు, ఏ ప్రొఫెసరు ఎక్కడ ఏమన్నాడో వెతికి అచ్చువేయడమే పని. మీకు వాట్సాప్ గ్రూపు చేస్తున్న పని అప్పట్లో ఆ పత్రిక చేసింది.

1969లో రెండు జరిగాయి. సెమినరీకి జాన్ టీట్జెన్ ప్రెసిడెంటు అయ్యాడు, ఆయన ప్రొఫెసర్ల వైపు. రెండు నెలలు తిరిగేసరికి డెన్వర్ మహాసభలో సినడ్ ప్రెసిడెంటుగా జాక్ ప్రోయిస్ గెలిచాడు, ఆయన సంప్రదాయవాదుల వైపు. తమాషా ఏంటంటే అదే సభ సంఘాల్లో ఆడవాళ్ళు ఓటు వేయొచ్చనీ, వేరే లూథరన్ చర్చితో ప్రభురాత్రి భోజనం కలిసి తీసుకోవచ్చనీ కూడా తీర్మానించింది. ప్రోయిస్‌ని ఎన్నుకున్న సభే ఇదీ చేసిందంటే, జనం మనం అనుకున్నట్టు రెండు గట్ల మీద విడివిడిగా నిలబడి ఉండరురా.

తర్వాత విచారణ కమిటీ. ప్రొఫెసర్లని ఒక్కొక్కరిని కూర్చోబెట్టి ప్రశ్నలు. వాళ్ళు చెప్పిన జవాబులతో 1972లో ఒక రిపోర్టు అచ్చువేసి దేశమంతా పంచారు, నీలం అట్ట కాబట్టి "బ్లూ బుక్" అనేవాళ్ళు. 1973 జులైలో న్యూ ఆర్లీన్స్ మహాసభలో ఆ ప్రొఫెసర్లలో ఎక్కువమంది చెప్పేది దుర్బోధ, సంఘంలో సహించరానిది అని తీర్మానం. ఓట్లు 574కి 451. సత్యానికి 123 ఓట్ల మెజారిటీ వచ్చిందన్నమాట.

1974 జనవరిలో టీట్జెన్‌ని సస్పెండ్ చేశారు. మా ప్రెసిడెంటు దుర్బోధకుడైతే మేమూ దుర్బోధకులమే, తేల్చేదాకా పాఠాలు చెప్పం అన్నారు ప్రొఫెసర్లు, పిల్లలూ క్లాసులు మానేశారు. పనిలోకి రాకపోతే ఉద్యోగాలు పోయినట్టేనని బోర్డు గడువు పెట్టింది. ఫిబ్రవరి 19న విద్యార్థుల్లో నూటికి ఎనభై మంది పైగా, ఆ ప్రొఫెసర్ల వెంట వెళ్ళిపోవడానికే నిర్ణయించుకున్నారు. తెల్ల చెక్క సిలువల మీద తమ పేర్లు రాసి ఆ పచ్చికలో పాతారు. కమానుని చెక్కలతో మూసి దాని మీద "ఎగ్జైల్డ్" అని రాసి నడుచుకుంటూ బయటికి వచ్చేశారు. యాభై మంది అధ్యాపకుల్లో నలభై అయిదుగురు వెళ్ళిపోయారు, మిగిలింది ఐదుగురు. వెళ్ళిన వాళ్ళు పెట్టుకున్న పేరు సెమినెక్స్, అంటే ఎగ్జైల్‌లో ఉన్న సెమినరీ. మన బైబిలు భాషలో చెరలో ఉన్న సెమినరీ. యూదుల్ని చెరపట్టిన బబులోను ఇక్కడ ఎవరో వాళ్ళు చెప్పక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది.

మర్నాడే పాఠాలు మొదలు. ఎక్కడో తెలుసా? సెయింట్ లూయిస్ యూనివర్సిటీ గదుల్లో. అది క్యాథలిక్కుల్లోని జెస్యూట్ ఫాదర్లది! లూథరు వెంట పోయిన జనాన్ని మళ్ళీ పోపు వైపు తిప్పడానికి అంత శ్రమపడిన సంఘం, లూథరన్లకి తలదాచుకోను చోటిచ్చింది. రెండో చోటు ఈడెన్ సెమినరీ. వాళ్ళేమో లూథరన్లనీ, కాల్విన్ బోధ పట్టిన రిఫార్మ్డ్ వాళ్ళనీ ఒకటిగా కలిపేసిన జర్మన్ చర్చి వారసులు, మిస్సోరీ పెద్దలకి ఒకప్పుడు గిట్టని జాతి. సొంతవాళ్ళు గెంటితే పగవాళ్ళు కుర్చీలు వేశారు.

ఆ ఐదుగురిలో ఒకాయన గురించి చెప్పకుండా ఉండలేను. మార్టిన్ షార్లెమాన్. 1950ల చివర్లో బైబిల్లో పొరపాట్లు ఉండొచ్చని వ్యాసం చదివి అందరికంటే ముందు తిట్లు తిన్నది ఈయనే. 1962 మహాసభలో లేచి క్షమాపణ అడిగాడు. అదే మనిషి 1970లో, మా సెమినరీలో బోధ మీద విచారణ చేయండి అని ప్రోయిస్‌కి ఉత్తరం రాశాడు. టీట్జెన్‌ని తప్పించాక ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నదీ ఈయనే. నిజంగా మనసు మారిందా, ఆ క్షమాపణ రోజు లోపల ఏదైనా విరిగిందా? ఆయన గురించి ఆలోచించినంత నేను మిగతా నలభై అయిదుగురి గురించి ఆలోచించలేదు.

నేను వెళ్ళే చర్చిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆరోజు సిలువ పాతిన కుర్రాళ్ళలో ఆయన ఒకడు. ఒక ఆదివారం కాఫీ దగ్గర ఈ కథంతా చెప్పాడు. చదువు పూర్తయ్యాక ఏ సంఘమూ పిలవలేదు, రెండేళ్ళు స్కూలు బస్సు నడిపాడట. "మీ ఇంట్లో ఏమన్నారు?" అని అడిగాను. "మా అమ్మ పూర్తిగా నా వైపే. ప్రోయిస్ పేరెత్తితే తిట్టేది. కానీ చర్చి మాత్రం మారలేదు" అన్నాడు. ఎందుకని అడిగితే, "మా తాతలూ, చిన్నప్పుడే పోయిన మా చెల్లీ ఆ చర్చి వెనకే ఉన్నారు" అని కప్పు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోయిన పండితులకి అర్థం కానిది ఇదే అనుకుంటా. తమ వెనక పెద్ద ప్రవాహం వస్తుందనుకున్నారు. సినడ్‌లో సంఘాలు ఆరు వేల దాకా ఉంటే, 1976 డిసెంబరులో చికాగోలో కొత్త చర్చి పెట్టినప్పుడు వచ్చి చేరినవి రెండు వందల యాభై. మిగతా చోట్ల ప్రొఫెసర్లంటే అభిమానం ఉన్నవాళ్ళు కూడా ఉన్నచోటే ఉండిపోయారు. వాదన నెగ్గించుకోవడానికి పాస్టర్లు గేటు దాటతారు, జనం సమాధుల పక్కనే ఉంటారు.

ఇంతకీ ఆ కొత్త చర్చి పేరు చెప్తే కుర్చీలోంచి పడతావు. అసోసియేషన్ ఆఫ్ ఇవాంజెలికల్ లూథరన్ చర్చెస్. పొట్టిగా ఏఈఎల్‌సీ! ఆ పెద్దాయన "నేను ఏఈఎల్‌సీ పాస్టరుని" అనగానే నేను లేచి నిలబడి, "మీరు గుంటూరులో చేశారా?" అని అడిగాను. ఆయన నా వైపు అదోలా చూశాడు. 1927 నుంచీ మనకి ఉన్న పేరు మళ్ళీ ఇక్కడ పుట్టిందని ఆయనకేం తెలుసు! పదకొండేళ్ళే బతికింది ఆ చర్చి. లూథరన్లంతా కలుద్దాం అని అందరికంటే ఎక్కువ తొందరపడింది వాళ్ళే, 1988లో ఇంకో రెండు పెద్ద చర్చిలతో కలిసి ఈఎల్‌సీఏ, అంటే ఇవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా, అయింది. ఆ రెంటిలో ఒకటి మన గుంటూరు మిషన్ని పెంచిన వంశం. అంటే చివరికి ఆయనా మనమూ ఒకే ఇంటి చుట్టాలమే.

అక్కడితో గొడవలు ఆగాయా అంటే లేదు. ఈఎల్‌సీఏ 2009లో స్వలింగ సంబంధాల్లో ఉన్న పాస్టర్ల విషయంలో ఓటు వేశాక వందల సంఘాలు విడిపోయాయి. యాభై లక్షలు దాటిన సభ్యత్వం ఇప్పుడు ముప్పై లక్షల లోపు. మిస్సోరీ వాళ్ళూ తగ్గారు. ఐదుగురితో మిగిలిన కంకార్డియా మాత్రం కొన్నేళ్ళలోనే మళ్ళీ నిండింది, ఇప్పటికీ నడుస్తోంది. సెమినెక్స్ 1983లోనే చెల్లాచెదురై ఇతర సెమినరీల్లో కలిసిపోయింది.

నేను ఎవరి వైపు అని అడుగుతావు. పాఠం విషయంలో ప్రొఫెసర్ల వైపే. కానీ వాళ్ళు క్లాసులో ఒక భాష, సంఘాల ముందు ఇంకో భాష మాట్లాడారని నాకు గట్టి అనుమానం. నాగలి పట్టే మనిషి "మరి ఆదాము లేకపోతే క్రీస్తు ఎందుకొచ్చాడు?" అని అడిగితే అది తెలివితక్కువ ప్రశ్న కాదు. దానికి జవాబు కాఫీ బల్ల దగ్గర, నిదానంగా చెప్పాలి.

అందుకని నువ్వు ఆ ముప్పై మందితో ఇప్పుడే వెళ్ళకు. సంతకాల కాగితం మీదా పెట్టకు. పాస్టరు గారింటికి రాత్రి పూట వెళ్ళు, పునరుత్థానం నమ్ముతారా అని నేరుగా అడుగు. నమ్ముతానంటే, ఆ మాట వచ్చే ఆదివారం పుల్పిట్ మీంచి యోనా కంటే ముందు చెప్పమను. ఆ పెద్దల్లో మీ మావయ్య ఉన్నాడు కదా, ఆయన్ని కూడా వెంట తీసుకెళ్ళు. కోశాధికారిని మాత్రం తీసుకెళ్ళకు.

ఇంకొకటి. నవంబర్ 2, సమాధుల పండగ, దగ్గరికొస్తోంది. నాన్న సమాధికి సున్నం వేయించి, పక్కన పిచ్చిమొక్కలు పీకించు. పోయినసారి మనిషి సిలువ మీద పేరుకి కూడా సున్నం పూసేశాడు, ఈసారి దగ్గరుండి చూడు, అక్షరాలు నల్ల రంగుతో దిద్దించు. డబ్బులు నీ అకౌంట్లో వేశాను. కొవ్వొత్తులు మీ అమ్మ చేత పెట్టించు, నాన్నకి ఆవిడంటే గౌరవం.

ఏం జరిగిందో వెంటనే రాయి. ఈసారి కోశాధికారికి ఒక్క పేజీ చాలు.

నీ,
చిన్నా