అండమాన్ వాళ్ల తరఫున ఎవరు అడుగుతారు?

సంపాదకులకు నమస్కారం.

విదేశాల నుంచి దేవతా విగ్రహాలు తిరిగొచ్చిన ప్రతిసారీ పత్రికల్లో పెద్ద ఫోటో పడుతుంది. 2024 సెప్టెంబర్‌లో అమెరికా 297 పురాతన వస్తువులు అప్పగించినప్పుడూ అంతే. కోహినూర్ సంగతి చెప్పక్కర్లేదు. లండన్‌లో ఉన్న అమరావతి శిల్పాల కోసం మనమూ ఏళ్లుగా అడుగుతున్నాం, అడగాలి కూడా. నా బాధల్లా ఈ మాటల్లో ఎక్కడా అండమాన్, నికోబార్ నుంచి పోయినవాటి ఊసే లేకపోవడం.

మనకు అండమాన్ అంటే సెల్యులార్ జైలు. అల్లూరి వెంట నడిచి అక్కడ శిక్ష అనుభవించిన గాం మల్లుదొర గుర్తొస్తాడు, అది సబబే. విశాఖ నుంచి ఓడెక్కి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లూ చాలామందే. అయినా జైలు కట్టకముందు ఆ నేల ఎవరిదని మనం అడగం.

బ్రిటిష్ వాళ్లు 1858లో అక్కడ ఖైదీల శిబిరం పెట్టేనాటికి అక్కడి ఆదివాసులైన గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవారు. ఇప్పుడు పదుల్లో ఉన్నారు. 1877లో తట్టు సోకి ఎంతోమంది పోయారు. ఆ రోజుల్లో వాళ్ల బాగోగులు చూడాల్సిన అధికారి ఎడ్వర్డ్ హొరేస్ మాన్. వాళ్ల విల్లులు, బాణాలు, బుట్టలు, కుండలు, గవ్వల దండలు పోగుచేసి ఇంగ్లండ్ పంపింది ఆయనే. ఆయన సేకరణలు ఇవాళ ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలోనూ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. మాన్ దొంగ అని నేననను. కొన్ని ఇచ్చిపుచ్చుకున్నవే అయ్యుండొచ్చు, ఆయన రాసిపెట్టకపోతే చాలా సంగతులు మనదాకా వచ్చేవీ కావు. కానీ తుపాకీ, తిండీ రెండూ ఒకడి చేతిలోనే ఉన్నప్పుడు ఎదుటివాడు 'తీసుకో' అంటే దాన్ని ఇష్టపూర్వకంగా ఇచ్చినట్టు ఎలా అనుకుంటాం? మాన్ తర్వాత వచ్చిన పోర్ట్‌మన్ అయితే 1880లో సెంటినల్ దీవి నుంచి ఒక ముసలి జంటనూ నలుగురు పిల్లల్నీ ఏకంగా పట్టుకొచ్చాడు. ముసలివాళ్లిద్దరూ చనిపోయారు. పిల్లల్ని కానుకలిచ్చి మళ్లీ దీవిలో దింపారు.

అన్నిటికంటే నన్ను కలచివేసేది ఎముకల సంగతి. చనిపోయిన అయినవాళ్ల పుర్రెను శుభ్రం చేసి, ఎర్రమట్టి పూసి, తాడుతో మెడకు తగిలించుకుని తిరగడం అండమానీల సంతాపం. వేలి ఎముకలతో దండలు కూడా చేసుకునేవారు. అలాంటివి మ్యూజియంల లెక్కల్లో 'ఆభరణాలు' అయి కూర్చున్నాయి. అస్థిపంజరాల్ని వేరేగా లండన్ పంపారు. విలియం ఫ్లవర్ అనే శాస్త్రవేత్త వాటిని కొలిచి 1879లో వ్యాసం చదివాడు. మన పెద్దల అస్థికలు పరాయి ఊళ్లో బీరువాలో నంబరు వేసి ఉన్నాయంటే మనం ఊరుకుంటామా?

తిరిగివ్వడానికి చట్టం ఒప్పుకోదంటారు. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం అడ్డే, నిజం. కానీ మనిషి అవశేషాలకు 2004లో వచ్చిన ఇంకో చట్టం దారి తెరిచింది. 2006లో టాస్మానియా ఆదివాసులకు చితాభస్మం మూటలు రెండు తిరిగి ఇచ్చింది ఆ బ్రిటిష్ మ్యూజియమే. ఇక పిట్ రివర్స్ యూనివర్సిటీ మ్యూజియం, దానికి 1963 చట్టంతో పనే లేదు. హవాయి రాజు కలనియోపుఉ 1779లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్‌కు స్వయంగా కప్పిన ఈకల అంగీ న్యూజిలాండ్ మ్యూజియంలో ఉండేది. అది కానుక, ఎవరూ దోచుకోలేదు. అయినా 2016లో హవాయి చేరింది.

నికోబార్ వాళ్ల అవసరం ఇంకో రకం. డెన్మార్క్ వాళ్లు ఆ దీవుల్ని 1868 వరకు తమవన్నారు. ఆస్ట్రియా ఓడ నొవారా 1858లో ఆగి వెళ్లింది. అందుకే వాళ్ల వస్తువులు కోపెన్‌హాగన్‌లో, వియన్నాలో కూడా ఉన్నాయి. రోగాలు తెచ్చే దయ్యాల్ని తరమడానికి ఇంట్లో నిలబెట్టుకునే చెక్కబొమ్మలు వాటిలో ప్రసిద్ధం. 2004 సునామీలో అక్కడ ఊళ్లకు ఊళ్లే పోయాయి, ఇళ్లతోపాటు ఇంట్లో ఉన్నవీ పోయాయి. తాతల పనితనం ఎలా ఉండేదో చూడాలంటే ఒక నికోబారీ కుర్రాడు వీసా తీసుకోవాలి!

దీవుల్లో ఉప్పుగాలికి పాడైపోతాయి అనేవాళ్లకు ఒక్క మాట: అవి పుట్టిందే ఆ గాలిలో. అలాగని అన్నీ వెంటనే ఓడెక్కించమని కాదు. ఆక్స్‌ఫర్డ్ బీరువాలోంచి ఢిల్లీ బీరువాలోకి మారితే ఒరిగేదేమీ లేదు. ఏవి రావాలి, ఎక్కడ ఉండాలి, అస్థికల్ని ఏం చేయాలి అన్నది స్ట్రెయిట్ ఐలాండ్‌లోని గ్రేట్ అండమానీ పెద్దలు, నికోబార్ ట్రైబల్ కౌన్సిళ్లు చెప్పాలి. బయటివాళ్లను దగ్గరికి రానివ్వని సెంటినలీల జోలికి మాత్రం ఈ వంకతో కూడా ఎవరూ వెళ్లకూడదు. కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఉన్నవాటికీ ఇదే పద్ధతి పాటించాలి, ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా.

అండమాన్ నికోబార్‌కు లోక్‌సభలో ఉన్నది ఒక్కటే సీటు. కాబట్టి అమరావతి శిల్పాల గురించి పార్లమెంటులో అడిగే మన ఎంపీలు అదే ప్రశ్నకు ఇంకో వాక్యం కలపాలని కోరుతున్నాను: దీవులవాళ్ల వస్తువులు, అస్థికలు ఏ దేశంలో ఎన్ని ఉన్నాయో కేంద్రం దగ్గర జాబితా ఉందా, లేకపోతే ఎప్పటికి తయారుచేస్తారు?

— ఒక పాఠకుడు, విశాఖపట్నం