నెగెటివ్‌ల పెట్టెను కాపాడిన వారందరికీ కృతజ్ఞతలు

2022 జూలై వరదలో గోదావరి మా ఇంటిని ముంచెత్తినప్పుడు అటక మీదున్న ఫొటో నెగెటివ్‌ల పెట్టెను బయటికి తీసి, తడిసిన ఫిల్మును కడిగి, ఆరబెట్టి, మళ్లీ నా చేతికి అప్పగించిన వారందరికీ నమస్కారాలు. ఎదురుపడినప్పుడల్లా ఒక్కొక్కరికీ చెబుతూనే ఉన్నాను. అయినా ఇంత పెద్ద సాయానికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోకపోతే నాకు తృప్తి ఉండదు. పేర్లు రాయవద్దని చాలామంది కోరారు, అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. భద్రాచలంలో ఉన్నవారికి ఎవరెవరో ఇట్టే తెలిసిపోతుంది.

నేను ఇక్కడ ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌కు ఫొటోలు తీస్తాను. మా ఊళ్లో ఈ పని చేసేవాడికి విశ్రాంతి దొరకని కాలాలు రెండు. ఒకటి శ్రీరామనవమి, రెండోది వరద. నవమి నాడు మిథిలా స్టేడియంలో అర్చకులు మంగళసూత్రాన్ని పైకెత్తి భక్తులకు చూపించే ఆ కొద్ది క్షణాల్లోనే ఫొటో దొరకాలి. దానికోసం తెల్లవారకముందే వెళ్లి చోటు చూసుకుని నిలబడతాం. కరోనా వల్ల 2020, 2021లో భక్తులు లేకుండానే కల్యాణం జరిగింది. 2022 ఏప్రిల్‌లో స్టేడియం మళ్లీ జనంతో నిండినప్పుడు కెమెరా పట్టుకున్న మా అందరికీ కళ్లు చెమర్చాయి.

మిగతా రోజుల్లో పని వేరే తీరుగా ఉంటుంది. సోమవారం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో గిరిజన దర్బార్, మరునాడు ఎక్కడో రాస్తారోకో, ఆ సాయంత్రం పాఠశాలలో ఏదో పోటీ. వేసవి వస్తే తునికాకు. చీకటితోనే అడవికి వెళ్లి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో వరుసగా పేరుస్తారు. ఆ కట్టలు కట్టే చేతులను ఎన్నిసార్లు ఫొటో తీసినా నాకు తనివి తీరదు. వానలు పడ్డాయంటే వాగు అవతలి గూడెం నుంచి గర్భిణిని మంచం మీద మోసుకొస్తున్నారని ఫోను వస్తుంది. అప్పుడు బండి ఎక్కడి దాకా పోతే అక్కడి దాకా పోయి, తర్వాత నడక.

ఈ పనిలో ఏ ఒక్కటీ నా ఒక్కడి వల్ల అయ్యింది కాదు. వరద ఫొటో పైనుంచి తీయాలంటే ఎవరో ఒకరు తమ డాబా మీదికి రానివ్వాలి. వాగు దాటాలంటే ఆ ఊరివాళ్లు చెయ్యి పట్టుకోవాలి. ఫిల్ము రోజుల్లో స్టూడియోలో ఫిల్ము రోలు కడిగించి, ప్రింటు వెనుక వివరాలు రాసి, కవరులో పెట్టి ఖమ్మం వెళ్లే ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్లం. బస్సు తప్పిపోతే మర్నాటి పేపర్లో ఆ ఫొటో ఉండదు. నేను పరుగెత్తుకు రావడం అద్దంలో చూసి బండి ఆపిన డ్రైవర్లకు కూడా ఇంతకాలానికి ఇక్కడ నమస్కారం చెప్పుకుంటున్నాను.

ఇక వరద సంగతి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా కంఠస్థం. జూలై 16న గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత ఇంత ఎత్తు మేం మళ్లీ చూడలేదు. 1990 నాటి 70.8 కూడా దీని కిందే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, కరెంటు లేదు, ఫోన్లు ఒక నిమిషం పలికితే పది నిమిషాలు మూగబోయేవి. నేను కరకట్ట మీద ఉన్నాను. లోతట్టు కాలనీలో ఉన్న మా ఇంటి నుంచి నా భార్య, పిల్లలు, మా అమ్మ అంతకుముందే పునరావాస కేంద్రానికి చేరారు. ఉన్న కాస్త సమయంలో పిల్లల సర్టిఫికెట్లు, అమ్మ మందులు, నా హార్డ్ డిస్కులు సంచిలో వేసుకుని, నెగెటివ్‌లున్న ఇనప పెట్టెను పక్కింటి తమ్ముడి సాయంతో అటక మీదికి ఎక్కించింది నా భార్య. ఒంటరిగా అంతమందిని, అన్ని వస్తువులను చూసుకున్న ఆమెకే నా మొదటి కృతజ్ఞత.

ఆ పెట్టెలో నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి డిజిటల్ కెమెరా వచ్చేదాకా తీసిన నెగెటివ్‌లు ఉన్నాయి. వాటి అడుగున అంతకంటే విలువైనవి ఉన్నాయి. నాకు పని నేర్పిన స్టూడియో మాస్టారు దుకాణం మూసేసిన రోజున ఒక చేతిసంచి నా చేతిలో పెట్టారు. 1986 వరదలో ఆయన తీసిన నలుపు తెలుపు నెగెటివ్‌లు అందులో ఉన్నాయి. వీధుల్లో పడవలు, మిద్దెల మీద జనం, నెత్తిన మూటలు. వీటిలో చాలా వాటికి ప్రింట్లు కూడా లేవు. ఫిల్ము పోతే ఆ రోజులకు మా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు.

నీళ్లు పెంకుల దాకా వచ్చాయని తెలిసినప్పుడు పెట్టె మీద ఆశ వదులుకున్నాను. కానీ నేను బాబాయి అని పిలిచే ఒక జాలరి నాకు తెలియకుండానే పునరావాస కేంద్రానికి వెళ్లి, ‘ఇంట్లో ఇంకేం మిగిలిపోయాయమ్మా’ అని నా భార్యను అడిగారట. ఆమె పెట్టె సంగతి చెప్పింది. బాబాయి, ఆయన ఇద్దరు కొడుకులు నాటు పడవ వేసుకుని వెళ్లి, ఇంటి కప్పు మీద పెంకులు తీసి, ఆ సందులోంచి పెట్టెను పైకి లాగారు. చాలా ఏళ్ల కిందట ఒక వరదలో ఆయన పడవ కొట్టుకుపోతే నేను ఫొటో తీశాను, అది పేపర్లో వచ్చింది. ఆ ముక్కను కత్తిరించి ఇప్పటికీ దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారని ఈ మధ్యనే వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు చూశాను. బాబాయ్, మీ రుణం తీరేది కాదు.

పెట్టె చేతికి రాగానే మూత తీసి అన్నీ ఎండలో పరవాలని తోచింది. అప్పటికే కబురు అంది వచ్చిన మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. డెబ్భై దాటిన మనిషి, మోకాలి లోతు బురదలో నడుచుకుంటూ వచ్చారు. ఆ రోజు ఆయన చెప్పింది ఇక్కడ రాస్తున్నాను, ముంపు ఊళ్లలో ఇంకెవరికైనా పనికొస్తుంది. ఫిల్ము మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ పొర. తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. ఒకదానికొకటి అంటుకున్న స్థితిలో ఆరిపోయిందా, ఇక విడదీయలేం. విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. అందుకని తడిసిన వాటిని శుభ్రమైన చల్లని నీళ్లలోనే ఉంచి, నీళ్లలోనే నెమ్మదిగా విడదీయాలి. వేడి నీళ్లు తగలకూడదు. మెరుపు లేని వైపు వేలు పెట్టకూడదు. నీడలో, దుమ్ము లేని చోట వేలాడదీయాలి. ఆలస్యమైతే బూజు పడుతుంది.

చుట్టూ నీళ్లే గానీ శుభ్రమైన నీళ్లు ఎక్కడివి? తాగడానికే క్యాన్ల కోసం బారులు తీరిన రోజులవి. మొదట ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు తమకు వచ్చిన తాగునీటిలోంచి కొంత ఇచ్చారు. వంతెన మీద రాకపోకలు మొదలవగానే సారపాక నుంచి ఒక వాటర్ ప్లాంటు అన్న క్యాన్లు ఆటోలో వేసి పంపారు, డబ్బు తీసుకోలేదు. వంటలు చేసే పెద్దమ్మ స్టీలు గంగాళాలు ఇచ్చారు. ఒక పెళ్లి మండపం యజమాని పైఅంతస్తు గది తాళం చేతిలో పెట్టి, ‘పని అయ్యేదాకా నీదే’ అన్నారు. హాస్టల్ విద్యార్థులు, వాళ్లలో కొందరి ఇళ్లు కూనవరం వైపు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి, వచ్చి పనిలోకి దిగారు. గదికి అడ్డంగా తాళ్లు కట్టి, బట్టల క్లిప్పులతో ఫిల్ము ముక్కలను వేలాడదీసి, చుట్టుకుపోకుండా కింద ఇంకో క్లిప్పు తగిలించారు. పెళ్లింట్లో మామిడాకుల తోరణాల్లా గదంతా ఫిల్ము వేలాడింది.

అక్కడ జరిగిన ఒక సంగతి చెప్పాలి. మాకు రోజూ టీ తెచ్చిచ్చే అక్క ఒక ముక్కను కిటికీ వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశారు. నెగెటివ్‌లో తెల్ల పంచె నల్లగా, నల్ల జుట్టు తెల్లగా కనిపిస్తుంది, ముఖం పోల్చుకోవడం అలవాటున్న మాకే కష్టం. పడవ అంచున ఒక కాలు మడిచి కూర్చున్న మనిషిని చూపించి, ‘మా నాన్న. అలాగే కూర్చునేవాడు’ అన్నారామె. ఆయన పోయి చాలాకాలమైంది, ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. మాస్టారు ఆ ముక్కను విడిగా తీసి పెట్టారు. మేం ముందుగా ప్రింటు వేయించింది దాన్నే.

అన్నీ దక్కలేదు. 2003 పుష్కరాల రంగు నెగెటివ్‌లు చాలావరకు పోయాయి, పొర జారిపోయి ఖాళీ ఫిల్ము మిగిలింది. ఆ బాధ ఉంది. మాస్టారి 1986 నెగెటివ్‌లు మాత్రం, అంచుల్లో మరకలు తప్ప, దాదాపు అన్నీ నిలిచాయి.

ఇంకో పత్రికలో పనిచేసే ఫొటోగ్రాఫర్ తమ్ముడు తన మాక్రో లెన్సు, లైట్ బాక్సు తెచ్చి నెగెటివ్‌లను ఒక్కొక్కటిగా కెమెరాతో కాపీ చేస్తున్నాడు. రోజూ మంచి చోటు కోసం ఒకరినొకరు నెట్టుకునేవాళ్లమే మేమిద్దరం. డ్యూటీ అయ్యాక రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటున్నాడు. కంప్యూటర్‌లో రంగులు తిరగేసి మరకలు తుడిచే పని అతని చెల్లెలు చూస్తోంది. ఎటపాకలో వాళ్ల ఇల్లు. మా ఊరు దాటగానే తెలంగాణ పోయి ఆంధ్రప్రదేశ్ వస్తుంది, 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు గీత అలా పడింది. ఎడిషన్లు కూడా వేరయ్యాయి. వాళ్లిద్దరూ మాత్రం రోజూ ఆ గీత దాటి మా కోసం వస్తున్నారు. మా డెస్కులో సబ్ ఎడిటర్లు ఆ వారమంతా విలేకరుల ఫోన్లలో తీసిన ఫొటోలతో పేజీలు సర్దుకుని నన్ను పిలవలేదు. పైగా తలా కొంత వేసుకుని పిల్లలకు పుస్తకాలు కొనిచ్చారు. వారికీ నా ధన్యవాదాలు.

కాపీ అయినవి ఆదివారాల్లో ఉదయం పది దాటాక ఆ మండపం పైగదిలో కంప్యూటర్‌లో చూపిస్తున్నాం. మీ ఇంటి పెద్దలో, మీ వీధో, మీ గూడెమో కనిపిస్తే తీసుకెళ్లండి, పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే చాలు, రూపాయి ఇవ్వనక్కరలేదు. పని పూర్తయ్యాక ఒక సెట్టు మన గ్రంథాలయానికి ఇవ్వాలని అనుకుంటున్నాం. 1986 ఫొటోల్లో ఉన్నవారిని ఎవరినైనా గుర్తుపడితే పేరు, వీధి చెప్పి వెళ్లండి. మాస్టారు నోటుబుక్కు పెట్టుకుని కూర్చుని అన్నీ రాసుకుంటున్నారు.