పాపకు, రెండో సంతకం గురించి

తిరుపతి,
ఆదివారం

చిరంజీవి పాపకు నాయన దీవెనలు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినవాటికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. పక్కన మీ అమ్మ ఏడుస్తూ ఉంది. నిన్న లాయరమ్మ దగ్గర గంటసేపు కూర్చుని అన్నీ అడిగి తెలుసుకున్నాను.

ఆరు నెలలు ఎందుకు ఆగాలని కదా అడిగావు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయేది హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకముందే ఇద్దరూ మళ్ళీ వచ్చి విడాకులు కావాలని అడగాలి, అదే రెండో సంతకం. ఆ ఆరు నెలల గడువు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలట. నువ్వు వచ్చేసి అప్పటికి 14 నెలలే. గంగజాతర అయ్యేదాకా ఓపిక పట్టు తల్లీ.

ఇక డబ్బు సంగతి. విడాకులకు నీ భర్త ఇస్తానన్న 12 లక్షల్లో నాలుగే వచ్చాయి. ముందు సంతకం పెడితే మిగతాది రెండు నెలల్లో ఇస్తానని అతను మెసేజ్ పెట్టాడన్నావు. ఒప్పుకోవద్దు. అతని భయం కూడా నాకు అర్థమవుతుంది. డిక్రీ, అంటే కోర్టు విడాకుల తీర్పు, వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి, ముందే ఇచ్చేస్తే నువ్వు మారిపోతావేమోనని అనుకుంటాడు. అందుకే జడ్జిగారి ముందే డీడీ (బ్యాంకు డిమాండ్ డ్రాఫ్ట్), అక్కడే సంతకం. చెక్కు తీసుకోకు. డీడీ మూడు నెలలే చెల్లుతుంది, తేదీ చూసుకో. పేరు నీ బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి మీ మేనత్త కారణం. చిత్తూరులో పెద్దమనుషులు కూర్చుని విడాకులు తేల్చారు. మొదటి విడత ఇచ్చారు, మిగతాది మామిడి పంట చేతికొచ్చాక అన్నారు. మూడు పంటలు పోయాయి, రూపాయి రాలేదు. కోర్టు ముద్ర లేని తెల్లకాగితం అది, దాన్ని పట్టుకుని ఎక్కడికి పోతాం? ఆ కాగితం నేనే రాశాను పాపా. నా చేతిరాతే. ఇప్పటికీ బీరువాలో ఉంది. నీ షరతులన్నీ, నగల జాబితాతో సహా పిటిషన్‌లోనే ఉన్నాయి. డిక్రీలోకి కూడా ఎక్కేలా చూడమని లాయరమ్మకు రెండుసార్లు చెప్పాను. అలా ఎక్కితే, అతను ఇవ్వకపోయినా కోర్టు ద్వారా వసూలుకు దారి ఉంటుంది. ఆ దారిలో ఏళ్ళు పట్టవచ్చు కాబట్టే డీడీ ముందు అంటున్నాను.

వాయిదాకు అతను రాకపోతే? అప్పుడు విడాకులకు నువ్వొక్కదానివే విడిగా కేసు వేయాలి. కేసు ఖర్చులకు, అది తేలేదాకా ఇచ్చే మధ్యంతర భరణానికి అదే చట్టం 24వ సెక్షన్ కింద అడగవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆలస్యాలు మామూలే. నీకు ఉద్యోగం ఉంది కాబట్టి ఎంత ఇస్తారో చెప్పలేమంది లాయరమ్మ. ఫీజు గురించి టెన్షన్ పడకు, అది నేను చూసుకుంటాను.

డిక్రీ సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకుందాం. పీఎఫ్‌లో, ఎల్‌ఐసీలో నామినీగా ఇంకా అతని పేరే ఉంది, మార్చుకో.

వాయిదా ముందురోజు రాత్రే బెంగళూరులో బస్సెక్కు. ఆధార్, బ్యాంకు పుస్తకం మర్చిపోకు. తెల్లవారుజామున బస్టాండులో నేను ఉంటాను.

నాయన