జాకీ మళ్లీ గుర్రం ఎక్కే రోజును ఎవరు నిర్ణయించాలి?

సంపాదకులకు నమస్కారం.

పందెంలో గుర్రం మీద నుంచి పడి, నెలల తరబడి మంచం పట్టిన జాకీ తిరిగి పోటీలకు వచ్చిన వార్తను మీ క్రీడా పుటలో శ్రద్ధగా ప్రచురించినందుకు కృతజ్ఞతలు. గుర్రప్పందేల గురించి రాసేవాళ్లంతా గుర్రం పేరు, గెలిచిన దూరం, పట్టిన సమయం రాసి ఊరుకుంటారు. జీను మీద ఉన్న మనిషి సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ. అయితే మీ కథనంలో, ఆయన 'వైద్యులు చెప్పిన గడువుకు మూడు వారాల ముందే' బరిలోకి దిగారని మెచ్చుకోలుగా రాశారు. గాయపడిన జాకీలతో చాలా ఏళ్లు పనిచేసిన ఫిజియోథెరపిస్టుగా నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ మూడు వారాలను ఎవరు తగ్గించారో, ఏ పరీక్షలు చూసి తగ్గించారో కథనంలో ఎక్కడా లేదు. ఆ సంగతి తెలియకుండా ఆయన పునరాగమనాన్ని మెచ్చుకోవాలో, దానికి కంగారు పడాలో పాఠకుడికి అర్థం కాదు.

ఎముక అతుక్కోవడం ఒక ఎత్తు, పందెం నడపగలగడం ఇంకో ఎత్తు. జాకీ పరుగులో జీను మీద కూర్చోడు. పొట్టిగా బిగించిన రికాబుల్లో పాదాల ముందు భాగాన్ని మాత్రం మోపి, మోకాళ్లనూ తుంటినీ వంచి, వీపును దాదాపు గుర్రం మెడకు సమాంతరంగా ఉంచి, గంటకు 60 కిలోమీటర్ల దరిదాపు వేగంతో పోయే సుమారు 500 కిలోల జంతువు మీద తేలుతూ ఉంటాడు. గుర్రం అడుగు పడినప్పుడల్లా వచ్చే కుదుపును అతని చీలమండలు, మోకాళ్లు, తొడలే భరించాలి. అవి భరించలేకపోతే ఆ కుదుపు గుర్రం వీపు మీద పడుతుంది, నడుముకూ మెడకూ పాకుతుంది. అదే సమయంలో చేతులు పగ్గాల ద్వారా గుర్రంతో మాట్లాడుతూ ఉండాలి, కళ్లు ముందున్న గుర్రాల మధ్య సందు ఎక్కడ తెరుచుకుంటుందో వెతుకుతూ ఉండాలి. ఇంత పనిని ఎక్స్‌రే ఫిల్ము చూసి తేల్చడం సాధ్యం కాదు.

నా దగ్గరికి వచ్చిన ఒక యువ జాకీ గురించి చెబుతాను. కుడి తొడ ఎముక విరిగి లోపల రాడ్డు వేయించుకున్నాడు. ఎముక చక్కగా అతుక్కుంది, నడకలో కుంటు లేదు, మెట్లు చకచకా ఎక్కుతున్నాడు. సాధనకు వాడే యంత్రపు గుర్రం మీద ఎక్కించి వేగం పెంచాను. మొదటి అరనిమిషం చూసినవాళ్లెవరూ అతనికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందని అనుకోరు. నలభై సెకన్లు దాటేసరికి కుడి మోకాలి పైన కండరం చర్మం కింద సన్నగా వణకడం మొదలైంది. నిమిషం నిండేటప్పటికి బరువంతా మెల్లగా ఎడమ రికాబు మీదికి జరిగిపోయింది. ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉందండీ, ఈ వారమే ఎక్కేస్తాను" అన్నాడు. అతను అబద్ధమాడలేదు. తన ఒళ్లు ఒక పక్కకు ఒరిగిన సంగతి అతనికి నిజంగానే తెలియలేదు. వీడియో చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. పందెం ఆఖరి మలుపులో, అలసిన గుర్రం మీద అలా ఒరిగితే గుర్రం కూడా పక్కకు జరుగుతుంది. ఆ పక్కన మరో గుర్రం, దాని మీద మరో మనిషి ఉంటారు. అందుకే ఒక జాకీ ఎప్పుడు తిరిగి రావాలన్నది అతని సాహసానికి మాత్రమే వదిలేయదగిన విషయం కాదంటున్నాను. అతనితో పాటు పరుగెత్తే ప్రతి జాకీ ప్రాణమూ ఆ నిర్ణయంలో ఉంది.

తలకు తగిలిన దెబ్బ ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే అది పైకి కనిపించదు. మెదడు అదిరిన మనిషి నవ్వుతూ మాట్లాడగలడు, తన పేరూ గుర్రం పేరూ చెప్పగలడు, కానీ ఎదురుగా గుర్రం తడబడితే స్పందించడానికి మామూలు కంటే కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాడు. ఆ కాస్తలోనే గుర్రం కొన్ని గజాలు దాటిపోతుంది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. ఇందుకోసమే, జాకీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే అతని జ్ఞాపకశక్తినీ స్పందన వేగాన్నీ పరీక్షించి నమోదు చేసి, దెబ్బ తగిలాక వచ్చిన ఫలితాలను వాటితో పోల్చే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో ప్రతి జాకీకీ ఒక వైద్య నమోదు పుస్తకం ఉండేది. అందులో ఎర్ర సిరాతో గాయం నమోదైతే, వైద్యాధికారి అనుమతి వచ్చేదాకా అతను గుర్రం ఎక్కడానికి వీల్లేదు. జాకీని ఇంతగా కాపాడిన సిరా గీత మరొకటి లేదని నా నమ్మకం.

జాకీ బ్రయాన్ టూమీ సంగతి మీ పాఠకుల్లో కొందరికైనా తెలిసే ఉంటుంది. 2013 జులైలో స్కాట్లండ్‌లోని పెర్త్‌లో అడ్డంకులు దూకే హర్డిల్ పందెంలో పడ్డప్పుడు ఆయన గుండె ఆరు సెకన్లు ఆగిందన్నారు. మెదడు వాపు తగ్గించడానికి పుర్రెలో కొంత భాగాన్ని తీసేయవలసి వచ్చింది. అలాంటి మనిషి 2015 జులైలో ఇంగ్లండ్‌లోని సౌత్‌వెల్‌లో మళ్లీ పందెం నడిపారు. ఈ కథను అందరూ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. ధైర్యం ఉన్న మాట నిజమే. నాకు మాత్రం మధ్యలో గడిచిన ఆ రెండేళ్లు ముఖ్యంగా కనిపిస్తాయి. వైద్య పరీక్షలన్నీ దాటి, పందేల అధికార సంస్థ లైసెన్సు తిరిగి ఇచ్చాకే ఆయన జీనెక్కారు. ఆస్ట్రేలియాలో జాకీ మిషెల్ పేన్ 2004లో పడి పుర్రె చిట్లించుకున్నారు; 2015లో ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ అనే గుర్రం మీద మెల్‌బోర్న్ కప్ గెలిచి, ఆ పందెం గెలిచిన మొదటి మహిళా జాకీ అయ్యారు. తల గాయం మానడానికి ఇచ్చిన సమయం వృథా పోదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

దీనికి ఎదురు ఉదాహరణగా బ్రిటన్ పందేల్లో పేరుమోసిన జాకీ టోనీ మెకాయ్‌ని చూపేవారుంటారు. 2008 జనవరిలో ఇంగ్లండ్‌లోని వార్విక్‌లో వెన్నుపూసలు విరిగిన ఆయన మార్చి నెలలో చెల్టన్‌హామ్ పందేలకు సిద్ధమయ్యారు. ఆ మనిషి పట్టుదలకు నేనూ చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఇరవైసార్లు వరుసగా చాంపియన్ జాకీ అయిన వ్యక్తికి అందిన శస్త్రవైద్యులు, అతి శీతల చికిత్స గదులు, తిరిగి వచ్చేదాకా గుర్రాలు అట్టిపెట్టే యజమానులు కొత్తగా వచ్చిన కుర్రవాడికి దొరకరు. ఆయనకు పట్టిన సమయాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఆ కుర్రవాడు దెబ్బతింటాడు.

భయం గురించి కూడా రాయాలి. 1993లో అమెరికాలో బెల్‌మాంట్ స్టేక్స్ పందెం గెలిచిన మొదటి మహిళా జాకీ జూలీ క్రోన్ అదే వేసవిలో సరటోగాలో పడ్డారు. చీలమండ నుజ్జయింది, మరో గుర్రం డెక్క ఛాతీకి తగిలింది. ఒంటి మీదున్న రక్షణ కవచమే ప్రాణం కాపాడింది. తిరిగి వచ్చాక మరోసారి పడి చేతులు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత తనను వెంటాడిన భయాన్నీ కుంగుబాటునూ ఆమె దాచుకోకుండా బయటికి చెప్పారు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఆ మాట నోటితో ఒప్పుకున్నవారు చాలా కొద్దిమంది. భయపడుతున్నాడని తెలిస్తే మంచి గుర్రాలు ఇవ్వరని వాళ్ల బెంగ. ఆ బెంగ నిరాధారమని చెప్పలేను.

అసలు ఇంత తొందర ఎందుకని అడిగితే జవాబు డబ్బు దగ్గర తేలుతుంది. చాలామంది జాకీలకు ఎక్కిన ప్రతి గుర్రానికీ ఇంత అని ముడుతుంది, గెలిస్తే బహుమతిలో వాటా వస్తుంది. ఎక్కకపోతే ఏమీ రాదు. పైగా అతను మంచం మీద ఉన్నన్నాళ్లూ అతని గుర్రాలను ఇంకొకరు నడుపుతుంటారు. అవి గెలిస్తే తిరిగి అతని చేతికి రావడం కష్టం. ఇది చాలదన్నట్టు, కదలకుండా ఉన్న నెలల్లో ఒళ్లు బరువెక్కుతుంది. తూకానికి సరిపోవాలని తిండి మాని, ఆవిరి గదుల్లో చెమటోడ్చి, నీరసించిన ఒంటితో మొదటి పందేనికి వస్తారు. మానుతున్న ఎముకకు తిండి అవసరమైన సమయంలోనే అతను తిండి మానేస్తాడు. నేను కళ్లారా చూసిన అన్యాయాల్లో ఇదొకటి.

బ్రిటన్‌లో 1963 డిసెంబరులో జాకీ టిమ్ బ్రూక్‌షా, 1964లో గ్రాండ్ నేషనల్ పందెంలో జాకీ ప్యాడీ ఫారెల్ పడి పక్షవాతానికి గురయ్యాక, గాయపడిన జాకీలను ఆదుకోవడానికి నిధి ఏర్పడింది. ఇవాళ ఆ నిధి లాంబోర్న్, మాల్టన్, న్యూమార్కెట్లలో పునరావాస కేంద్రాలను నడుపుతోంది. పందేలు జరిగే ప్రతిచోటా ఇలాంటి ఏర్పాటు ఉండాలి. కోలుకునే కాలానికి ఇల్లు గడిచే పాటి భృతి అందితే జాకీ తలనొప్పిని డాక్టరు దగ్గర దాచడు. అనుమతి ఇచ్చే వైద్యుడు యజమానికీ ట్రైనరుకూ సంబంధం లేనివాడై ఉండాలి, అతని మాటే ఆఖరిది కావాలి. తిరిగి రావడం కూడా ఒక్క గెంతులో కాకుండా ముందు తెల్లవారుజాము కసరత్తు, తర్వాత ట్రయల్ పరుగులు, ఆపైన రోజుకు ఒకటి రెండు పందేలు అన్న క్రమంలో సాగాలి. నేను పైన చెప్పిన కుర్రవాడు మరో ఎనిమిది వారాలు ఆగాడు. ఆ వారాల్లో అతని ఇంటి ఖర్చు అన్నగారు భరించారు. అందరికీ అలాంటి అన్న ఉండడు.

మీ విలేఖరి ఆ జాకీని మళ్లీ కలిస్తే, దయచేసి కొన్ని సంగతులు అడిగి ప్రచురించండి. అనుమతి పత్రం మీద సంతకం ఎవరిది? మొదటి రోజే ఆయన ఐదు గుర్రాలు ఎక్కారని రాశారు. అందుకు వైద్యుడు ఒప్పుకున్నారా? మంచాన ఉన్న నెలల్లో ఆయన ఇల్లు ఎలా గడిచింది?

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు