బరాత్ గుర్రానికి నీడ, నీళ్లు

సంపాదకుల వారికి,

మే నెలలో నల్గొండ, మిర్యాలగూడ వైపు ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పెళ్లిళ్లూ అప్పుడే. రాత్రి బరాత్‌కు తెచ్చిన గుర్రాన్ని మధ్యాహ్నం నుంచే ఫంక్షన్ హాల్ ముందు తారు రోడ్డు మీద కట్టేస్తున్నారు. ఇది ఘోరం.

ఊరికే నిలబడ్డ గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. నీడలో అరగంట ఉంచినా డొక్కలు ఎగసిపడుతుంటే ఊరేగింపు మానుకుని పశువైద్యుడిని పిలవాలి. అంత ఎండలోనూ చెమట పట్టని గుర్రానికి ముప్పు మరీ ఎక్కువ, ఎందుకంటే గుర్రం ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా చెమటతోనే.

వేడెక్కిన గుర్రంపై చల్లనీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయని ఇప్పటికీ భయపడుతున్నారు. అది అపోహ. జీను, జరీ బట్టలు విప్పేసి మెడ, ఛాతీ, పొట్ట, కాళ్ల మీద బకెట్లకొద్దీ ఆపకుండా పోయాలి. తడి గోనెపట్టా కప్పి వదిలేస్తేనే చేటు: కాసేపటికి అదే వేడెక్కి ఆవిరిని ఆపేస్తుంది. తాగడానికి రోజుకు 40 లీటర్లకు తగ్గకూడదు. దాణాలో 30 గ్రాముల ఉప్పు కలపాలి, నీళ్లు అందుబాటులో ఉంటేనే.

రౌతుకూ తలకు నూలు రుమాలు, చేతిలో ఓఆర్ఎస్ సీసా ఉండాలి.

గుర్రాన్ని అద్దెకు మాట్లాడుకునేటప్పుడే నీడ, నీళ్ల డ్రమ్ము సంగతి తేల్చుకోవాలని, పొద్దుగూకాకే గుర్రాన్ని రప్పించాలని పెళ్లివారికి మా మనవి.

– గుర్రాల పెంపకందారులు, మహబూబ్‌నగర్