నొప్పి ఆయనది, కలత నీది

మిత్రమా,

మీ నాన్నగారి మోకాలి శస్త్రచికిత్స జరిగిన రాత్రి గురించి నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన మూలుగుతుంటే పక్కన కూర్చున్న నీ ప్రాణం విలవిల్లాడిందని చెప్పి, చివర్లో "నేను పడింది ఆయన బాధేనా, నేను ఊహించుకున్నదా?" అని అడిగావు.

ఆడం స్మిత్, అవును, ఆ అర్థశాస్త్రవేత్తే, 1759లో ఊహేనన్నాడు. సొంత సోదరుణ్ణి చిత్రహింస పెడుతున్నా అతని నొప్పిని మన ఇంద్రియాలు మనకు చేరవేయలేవనీ, అతని స్థానంలో మనల్ని నిలబెట్టుకుని చూసుకోవడమొక్కటే దారి అనీ ఆయన వాదన.

తర్వాత మెదడు పరిశోధకులు వచ్చారు. ఇటలీలోని పార్మాలో 1990ల తొలినాళ్ళలో రిజొలాటీ బృందం, మకాక్ కోతి తాను వస్తువును అందుకున్నప్పుడూ, మరొకరు అందుకోవడం చూసినప్పుడూ స్పందించే మిర్రర్ న్యూరాన్లు అనే మెదడు కణాలను గుర్తించింది. అంతే, కరుణకు మూలం దొరికిపోయిందని చాలామంది చాటారు. చేతి కదలికకు స్పందించే కణంతో కన్నీటిని వివరించబోవడం నాకైతే బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడంలా తోస్తుంది (మీ నాన్నగారి మోకాలిని ఉద్దేశించి అనడం లేదు!).

నీ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది టానియా సింగర్ బృందం లండన్‌లో చేసి 2004లో ప్రచురించిన ప్రయోగం. పదహారు మంది స్త్రీలను స్కానర్‌లో పడుకోబెట్టి, ఒకసారి వారి చేతికీ, ఒకసారి పక్కనే ఉన్న వారి భాగస్వామి చేతికీ నొప్పి కలిగేలా విద్యుత్తు తగిలించారు. నొప్పిలోని బాధను, అంటే అది మనల్ని కలతపెట్టే తీరును, పట్టించుకునే మెదడు భాగాలైన ఇన్సులా ముందుభాగమూ, సింగ్యులేట్ వల్కలమూ రెండుసార్లూ చురుకయ్యాయి. నొప్పి ఒంట్లో ఎక్కడ, ఎంత ఉందో నమోదుచేసే స్పర్శప్రాంతాలు మాత్రం సొంత నొప్పికే స్పందించాయి. అంటే ఆ రాత్రి నీ కలత నిజమే కానీ, మోకాలు మాత్రం నీది కాదు.

దీన్ని స్కానర్ లేకుండానే పట్టుకున్న మనిషి జర్మన్ తత్వవేత్త ఎడిత్ స్టైన్. 1915లో రెడ్‌క్రాస్ నర్సుగా అంటురోగుల మధ్య పనిచేసి వచ్చి, మరుసటి ఏడాది తత్వవేత్త హుస్సెర్ల్ వద్ద సహానుభూతిపైనే డాక్టరేటు పొందింది. ఎదుటివారి దుఃఖం నాకు నేరుగానే తెలుస్తుంది, కానీ వారిదిగానే తెలుస్తుంది అంటుంది ఆమె; వారి స్థానంలో మనల్ని ఊహించుకోవడం సహానుభూతి కుదరనప్పుడు వాడుకునే ప్రత్యామ్నాయం మాత్రమేనట. నేను స్మిత్‌ను వదిలి ఈమె వైపు చేరాను. నీ వయసులో నీ మోకాలు నొప్పెడితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే, డెబ్బై ఏళ్ళ ఆయన "ఇక నడవగలనా" అని పడే భయం నీకు అందదు కదా.

అంత నొప్పిలోనూ ఆయన "నువ్వెళ్ళి పడుకోరా" అని కసిరారని రాశావు. నువ్వు ఆయన బాధ గురించి అడిగావు గానీ, నీ నిద్రలేమి ఆయనకు ఎలా తెలిసిందో అడగలేదు. కర్ర సాయంతో నడక మొదలుపెట్టారో లేదో వెంటనే రాయి.

నీ మిత్రుడు